మంట కనపడని పొగ



2015 సెప్టెంబరు మొదట్లో మా అత్తగారు మా దగ్గర మూడు నెలలు ఉందామని సింగపూరు వచ్చారు. కోనసీమ దాటి హైదరాబాదు కూడా సరిగ్గా చూడని మనిషి. విమానాశ్రయం అద్దాల తలుపు దాటి బయట అడుగు పెట్టారో లేదో, ఒకసారి గాలి పీల్చి, "ఎవరో భోగి మంట వేశారే అమ్మాయ్. ఈ నెలలో భోగేమిటి?" అన్నారు.

ఆవిడ ముక్కు పొరపాటు పడలేదు. అది అచ్చంగా భోగి తెల్లవారుజాము వాసనే. పచ్చి కట్టె, ఎండుటాకులు, తడి మట్టి కలిసి కాలుతున్న వాసన. కాకపోతే మంట మాత్రం ఎక్కడా లేదు. ఊరంతా పలచగా బూడిద రంగు తెర కట్టినట్టుంది. సూర్యుడు నారింజ పండులా ఉన్నాడు, కళ్లు చికిలించకుండానే చూడొచ్చు. అక్కడివాళ్లు దాన్ని హేజ్ అంటారు. మేమూ ఆ మాటే అలవాటు చేసుకున్నాం. "పొగమంచా?" అని అడిగారు అత్తగారు. మంచు కాదు అత్తయ్యా, వట్టి పొగే అన్నాను.

మేము అక్కడ 2009 నుంచి తొమ్మిదేళ్లు ఉన్నాం. మా వారిది ఓడల సరుకు లెక్కలు చూసే ఉద్యోగం. పన్నెండో అంతస్తులో ఫ్లాటు, ప్రభుత్వం కట్టించినది. ఆ దేశంలో నూటికి ఎనభై మంది ఉండేది అలాంటి ఇళ్లలోనే. కిటికీలోంచి వెదురు గడలు బయటికి చాచి వాటి మీద బట్టలు ఆరేస్తారు. సింగపూరు అనగానే నాకు మొదట గుర్తొచ్చేది ఆ ఎత్తయిన భవనాలు కాదు, ఆ గడల మీద రెపరెపలాడే రంగురంగుల బట్టలు. గడలన్నీ ఖాళీగా ఉన్నాయంటే ఒకటి వాన వస్తుందని, లేదా పొగ వచ్చిందని.

పొగ నాకు కొత్త కాదు. 2013 జూన్‌లో మొదటిసారి దాని దెబ్బ తిన్నాం. అక్కడ గాలి బాగోగుల్ని ఒక సూచీతో కొలుస్తారు, పీఎస్ఐ అంటారు. యాభై లోపు మంచిది, వంద దాటితే అనారోగ్యకరం, మూడు వందలు దాటితే ప్రమాదకరం. అంతకుముందు ఆ దేశం చూసిన గరిష్ఠం 226, అది 1997 నాటి మాట. 2013 జూన్ 19 రాత్రి అది 321 అయింది. మర్నాడు మధ్యాహ్నానికి 371. ఆ మర్నాడు, 21వ తేదీ శుక్రవారం మిట్టమధ్యాహ్నం 401. మా కిటికీలోంచి ఎదుటి భవనం కనపడలేదు. మా చిన్నవాడికి అప్పుడు నాలుగేళ్లు, పుట్టినప్పటి నుంచీ పిల్లికూతలు. వాడి ఛాతీ మీద చెవి ఆనించి పడుకున్న రాత్రులవి. దుకాణాల్లో ఎన్95 మాస్కులు అయిపోయాయి. గాలి శుభ్రం చేసే యంత్రాలు అయిపోయాయి. ఒక మందుల దుకాణం ముందు వరసలో నిలబడి, నా వంతు వచ్చేసరికి సరుకు లేదనిపించుకుని, ఖాళీ చేతులతో ఇంటికొచ్చి స్నానాలగదిలో తలుపు వేసుకుని ఏడ్చాను. ఆ సంగతి మా వారికి కూడా ఇప్పుడు రేడియోలోనే తెలుస్తోంది.

అందుకని 2015 నాటికి నేను ఆరితేరాను. రెండు యంత్రాలు, రెండు పెట్టెల మాస్కులు, తలుపు కింది సందులకు తడి తువ్వాళ్లు. కానీ మా అత్తగారు ఆరితేరలేదు కదా.

ఆవిడకు ఇల్లంటే గాలీ వెలుతురూ. పొద్దున్న లేవగానే వీధి తలుపు, పెరటి తలుపు బార్లా తీయాలి, లేకపోతే లక్ష్మి రాదు. నేను మూసిన కిటికీ ఆవిడ తీసేవారు, ఆవిడ తీసింది నేను మూసేదాన్ని. మాటా మాటా అనుకోలేదు గాని కిటికీ గడియలు మాత్రం మా ఇద్దరి తరఫునా బాగానే దెబ్బలాడుకున్నాయి. నాలుగో రోజున ఆవిడ అన్నారు: "ఇంట్లో మనుషుల్ని ఊరగాయ జాడీలో పెట్టినట్టు పెట్టావు. ఇలా ఎన్నాళ్లు?" దానికి నా దగ్గర జవాబు లేదు. వాన పడేదాకానో, గాలి దిశ మారేదాకానో. రెండూ మన చేతిలో లేవు.

పైగా ఆవిడ మాటలో నిజం ఉంది. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తీసుకోదు, గదిలో ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ మన మీదికి వదులుతుంది. దాని జల్లెడకు దుమ్ము చిక్కుతుంది గాని ఈ పొగ చిక్కదు. పొగలో ప్రాణం మీదికి తెచ్చే రేణువుల్ని పీఎం 2.5 అంటారు. మన వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండవు. ముక్కులో వెంట్రుకలూ గొంతులో తేమా పెద్ద దుమ్మును ఆపుతాయి. ఇవి వాటిని తప్పించుకుని ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి, అక్కణ్నుంచి నెత్తురులోకీ పోతాయి. ఇంట్లో వీటిని బాగా పట్టేది హెపా ఫిల్టరు ఉన్న యంత్రం. మరి అన్నీ మూసుకుని ఐదుగురం ఒకే గదిలో పడుకుంటే మనం వదిలిన గాలి ఎక్కడికి పోతుంది? తెల్లారేసరికి అందరికీ తలనొప్పి. అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. సూచీ కాస్త దిగిన గంట చూసి, అది అర్ధరాత్రి రెండైనా సరే లేచి, పావుగంట కిటికీలు తీసి మళ్లీ మూసేదాన్ని. బాలింత బిడ్డకు పాలిచ్చినట్టు ఇంటికి గాలి పట్టడం.

ఆ సూచీతో ఇంకో తిరకాసు. ప్రభుత్వం జాగ్రత్తలు చెప్పేది ఇరవైనాలుగు గంటల సగటును బట్టి. నిన్న ఎంత తిన్నావో లెక్క చూసి ఇవాళ ఆకలి ఎంతో చెప్పినట్టన్నమాట. సగటు బాగానే ఉంటుంది, కిటికీ బయట మాత్రం పొగ కమ్ముకుని ఉంటుంది. దాంతో తల్లులందరం గంటగంటకీ వచ్చే అంకెలు చూసుకునేవాళ్లం. పిల్లల్ని కిందికి ఆడుకోవడానికి పంపాలా, ఈత తరగతికి పంపాలా, ఉతికిన బట్టలు లోపల ఆరేయాలా, అన్నీ అంకెను బట్టే. మా అమ్మాయి పదేళ్ల పిల్ల, పొద్దున్నే లేచి దేవుడికి దణ్ణం పెట్టకుండా ఫోను చూసి "అమ్మా, ఇవాళ నూట నలభై" అనేది. అత్తగారు ఒకసారి అడిగారు, "ఏమిటే నూట నలభై, బంగారమా?" అని.

సెప్టెంబరు 17 వినాయక చవితి. లిటిల్ ఇండియా వెళ్లి పత్రి తెచ్చాం. పూజ దగ్గరికొచ్చేసరికి అసలు పేచీ మొదలైంది. సాంబ్రాణి వెయ్యకుండా పూజేమిటని ఆవిడ, చిన్నవాడికి ఆయాసం వస్తుందని నేను. మా వారి స్నేహితుడొకాయన చైనా నుంచి తెచ్చిన, ఈ రేణువుల్ని కొలిచే చిన్న మీటరు మా ఇంట్లో ఉండేది, అరచేతిలో పట్టేటంత. ఆవిడ ముందే దాన్ని బల్ల మీద పెట్టి ఒక్క అగరవత్తి వెలిగించాను. అంకె నలభై నుంచి ఎగబాకి రెండు వందలు దాటింది. నేను గెలిచాననుకున్నాను. ఆవిడ మీటరును తీసుకుని నింపాదిగా వంటింట్లోకి నడిచారు. అక్కడ అప్పటిదాకా నేను గారెలు వేయిస్తున్నాను, పక్కన పులిహోర పోపు. అంకె నాలుగు వందలు. "మరి దీన్నేమంటావు?" అన్నారు.

ఏమనను? బయటి పొగ గురించి అంత యుద్ధం చేసి, నా మూకుడులోంచి వచ్చే పొగను నేనే లెక్క చేయలేదు. చిమ్నీ పెడదామంటే అది లోపలి గాలిని బయటికి తోస్తుంది, ఆ ఖాళీ నింపడానికి బయటి పొగ తలుపు సందుల్లోంచి లోపలికొస్తుంది. ఆ రోజు సంధి కుదిరింది. ఆవిడ ధూపం మానేశారు, నేను వేపుళ్లు మానేశాను. తర్వాత మూడు వారాలు మా ఇంట్లో అప్పడం కూడా వేగలేదు. ఇడ్లీలు, కుడుములు, పప్పు, పులుసు. వినాయకుడికి ఆవిరి మీద ఉడికిన ఉండ్రాళ్లే ఇష్టమని, ఆయనకి ముందే తెలుసని ఆవిడ అన్నారు.

ఆవిడ రోజూ అడిగే ప్రశ్న ఒకటుండేది. ఇంత పొగ వస్తోంది కదా, మంటేదీ?

మంట సముద్రం అవతల ఉంది. ఇండొనేషియాలోని సుమత్రా, కాలిమంతాన్ ప్రాంతాల్లో. అక్కడ పీట్ అనే నేల ఉంది. వేల ఏళ్లుగా నీటిలో నాని సగం కుళ్లిన చెట్లూ ఆకులే ఆ నేల. కొన్నిచోట్ల పది మీటర్ల లోతు కూడా ఉంటుంది. నీళ్లు నిండి ఉన్నంతకాలం దానికి నిప్పంటుకోదు. పామాయిల్ తోటలకనీ, కాగితం గుజ్జు కోసం పెంచే తుమ్మజాతి చెట్లకనీ కాలవలు తవ్వి ఆ నీటిని తీసేశారు. ఎండిన నేలను చదును చేయడానికి నిప్పు పెట్టడం అన్నిటికన్నా చవక. ఆ నిప్పు నేల లోపలికి దిగి వారాల తరబడి రాజుకుంటూనే ఉంటుంది. పాలు కాచే దాలిగుంట గుర్తుందా? పిడకలు మంట లేకుండా సాయంత్రందాకా కాలుతూనే ఉంటాయి. అలాంటి దాలిగుంట జిల్లాలకు జిల్లాలంత ఉంటే ఎలా ఉంటుందో అదీ సంగతి. మనకు వానలు తెచ్చే నైరుతి ఋతుపవన కాలమే అక్కడ ఎండు కాలం, ఆ గాలులే పొగను సింగపూరు వైపు మోసుకొస్తాయి. 2015లో వానలు తగ్గించే ఎల్‌నినో కూడా తోడైంది. ఇక్కడ మనకు వాన తగ్గింది, అక్కడ పీట్ మరింత ఎండింది.

ఇదంతా అత్తగారికి చెప్పాను. ఆవిడ పుట్టింది, మెట్టింది గోదావరి కాలవల గట్ల మీద. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాకే కదా ఆ సీమకు అన్నం పుట్టింది. దాన్ని కట్టించిన కాటన్ దొర పేరు చెబితే ఇప్పటికీ దణ్ణం పెట్టే ఇల్లు వాళ్లది. "కాలవ తవ్వితే నీళ్లు రావాలి గాని పోవడమేమిటే?" అన్నారు. ఒక క్షణం ఆగి తనే, "ఓహో, మురుగు కాలవా!" అన్నారు. డెల్టా మనిషి కదా, చటుక్కున పట్టేశారు.

కాలిమంతాన్‌లో జరిగింది వింటే ఆ మాట ఎంత సరైనదో తెలుస్తుంది. 1995లో అప్పటి అధ్యక్షుడు సుహార్తో అక్కడ పది లక్షల హెక్టార్ల పీట్ నేలను వరి పొలాలుగా మారుస్తామని పథకం పెట్టారు. అడవి కొట్టారు, వేల కిలోమీటర్ల కాలవలు తవ్వారు. నీళ్లు పోయాయి, వరి మాత్రం పండలేదు. మిగిలింది ఎండు నేల. 1997 నుంచి కరువు వచ్చినప్పుడల్లా అది కాలుతూనే ఉంది. మన దగ్గర కాలవలు కట్టినవాడికి విగ్రహాలు పెట్టాం. అక్కడి కాలవల్ని ఇప్పుడు అడ్డుకట్టలు వేసి పూడుస్తున్నారు, నీళ్లు మళ్లీ నిలవాలని.

అత్తగారికి ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. 1995 జనవరిలో వాళ్ల కోనసీమలోనే పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి పేలింది. శ్రోతల్లో చాలామందికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. అరవై అయిదు రోజులు మండింది. రాత్రి కూడా పగటిలా వెలుగు, విమానం నెత్తిమీద ఆగిపోయినట్టు హోరు. వీళ్ల ఊరినుంచి కనపడేదట. "అప్పుడు భయమేసింది, కానీ మంట ఎటుందో తెలిసేది. ఎటు పరిగెత్తాలో తెలిసేది. దీనికి ఎటు పరిగెత్తుతాం?" అన్నారు. పొగ గురించి ఇన్నేళ్లలో నేను విన్న మాటల్లో నాకు నచ్చిన మాట ఇది.

సెప్టెంబరు 24 బక్రీదు, సెలవు. ఆ రోజు గాలి బాగా చెడింది. రాత్రికి సూచీ మూడు వందలు దాటింది, మర్నాడు ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలన్నీ మూసేస్తున్నామని ప్రకటన వచ్చింది. పిల్లలిద్దరూ చప్పట్లు కొట్టారు. అర్ధరాత్రి దాటాక మా గదిలో ఎవరో ఈల వేస్తున్న చప్పుడు. చిన్నవాడనుకుని లేచాను. వాడు హాయిగా నిద్రపోతున్నాడు. ఆ చప్పుడు అత్తగారిది. మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ఊపిరి కోసం తంటాలు పడుతున్నారు. ఆవిడకు ఉబ్బసం ఉందని మాకు తెలియదు. అమలాపురం డాక్టరు ఇన్‌హేలరు ఇచ్చారట. పరాయి దేశంలో మందులు పట్టుకుంటారేమోనని దాన్ని సూట్‌కేసు అడుగున, చీరల మడతల్లో దాచారు. ఆ సూట్‌కేసు అటక మీద ఉంది. దానికి తాళం. తాళంచెవి ఆవిడ ఎక్కడ పెట్టారో ఆవిడకే గుర్తులేదు, చెప్పడానికి ఊపిరీ లేదు. మా వారు స్క్రూడ్రైవరుతో తాళం పగలగొట్టారు. చిన్నవాడి ఇన్‌హేలరు పక్కనే ఉందని, అదే నీలం మందని, ఆ కంగారులో ఇద్దరికీ తట్టలేదు. తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్లాం, తెల్లారేసరికి కుదుటపడ్డారు. అక్కడ వరసలో కూర్చున్నవాళ్లలో సగంమంది ముసలివాళ్లు, సగంమంది పసివాళ్లు.

విచిత్రమేమిటంటే సరిగ్గా అంతకు ఏడాది ముందు, 2014 సెప్టెంబరు 25న, సింగపూరులో ఒక చట్టం అమల్లోకి వచ్చింది. పరాయి దేశంలో నిప్పు పెట్టి తమ గాలిని చెడగొట్టే కంపెనీకి రోజుకు లక్ష సింగపూరు డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు. గాలికి సరిహద్దు లేకపోయినా చట్టానికి ఉంటుంది కదా, చిక్కంతా అక్కడే. ఆగ్నేయాసియా దేశాలు కలిసి ఈ పొగ మీద ఒప్పందం రాసుకున్నది 2002లో. ఇండొనేషియా దాన్ని ఆమోదించింది 2014లో. పన్నెండేళ్లు, ఒక పుష్కరం. ఆ దేశపు అప్పటి ఉపాధ్యక్షుడు జూసుఫ్ కల్లా ఒకసారి, పదకొండు నెలలు మా అడవుల మంచి గాలి పీల్చి ఒక్క ధన్యవాదమైనా చెప్పని పొరుగువాళ్లు నెల రోజుల పొగకు గోల పెడుతున్నారన్నారు. సింగపూరులో అందరూ మండిపడ్డారు, నేనూ మండిపడ్డాను. కానీ ఆ పొగ రోజుల్లోనే కాలిమంతాన్‌లోని పాలంకరాయా పట్నంలో సూచీ రెండు వేలు దాటింది. మాకు మూడు వందలకే బడులు మూశారు. పొగ మాది కాదు, వాళ్లది అనుకుంటాం. అసలు ఊపిరాడనిది వాళ్లకే. ఆ ఏడాది కాలిన నేల 26 లక్షల హెక్టార్లని ప్రపంచ బ్యాంకు లెక్క కట్టింది. మన పాత ఉభయ గోదావరి జిల్లాలూ కృష్ణా జిల్లా కలిపితే దాదాపు అంత.

పోనీ పామాయిల్ వాళ్ల గొడవ, మనకేమిటి అందామా? ఆ నూనెను ప్రపంచంలో అందరికన్నా ఎక్కువగా దిగుమతి చేసుకునేది మన దేశమే. ఒకప్పుడు మన రేషను కొట్లో ఇచ్చిన ప్యాకెట్లు, బండి మీద మిరపకాయ బజ్జీ, బిస్కెట్లు, సబ్బులు. చవితినాడు నేను గారెలు వేయించిన నూనె సీసా తిప్పి చూస్తే అదే పేరు. ఏలూరు చుట్టుపక్కల పండే పామాయిల్ సంగతి వేరు, అది అడవి కాల్చి వేసిన తోట కాదు. దిగుమతయ్యే నూనెలో ఏది ఏ నేలలోదో సీసా మీద రాసి ఉండదు.

అక్టోబరులో ఒక ఆదివారం సెరంగూన్ రోడ్డులోని పెరుమాళ్ గుడి దగ్గర ఒకబ్బాయి తెలుగు విని పలకరించాడు. శ్రీకాకుళం వాడు, టెక్కలి దగ్గర. ఓడలు బాగుచేసే చోట వెల్డరు. పొగ రోజుల్లో పని ఆపుతున్నారా బాబూ అని అడిగాను. "మాస్కులిచ్చారమ్మా. ఆ వేడిలో మాస్కు మీద మాస్కు ఏటి పెట్టుకుంతాం? పని ఆపితే ఓటీ పోద్ది. ఇంటికి పంపేది ఆ ఓటీయే కదా" అన్నాడు. దగ్గుతూనే నవ్వాడు. పడుకునే గదిలో పన్నెండుమంది, కిటికీలు మూస్తే ఉక్క, తీస్తే పొగ. నేను ఇంట్లో రెండు యంత్రాల మధ్య కూర్చుని పడ్డ బాధంతా ఆ క్షణాన కాస్త సిగ్గుగా అనిపించింది. సంచిలో ఉన్న నాలుగు మాస్కులు ఇచ్చాను. అంతకుమించి ఏమీ చేయలేదు.

దసరా వెళ్లాక వానలు పడ్డాయి. దీపావళి నాటికి ఆకాశం నీలంగా ఉంది. అక్కడ టపాకాయలకు ఎప్పటినుంచో నిషేధం, కాకరపువ్వొత్తులు మాత్రం కాల్చుకోవచ్చు. మా పిల్లలు ఆ ఏడాది వాటినీ వద్దన్నారు. యంత్రాల ఫిల్టర్లు మార్చాను. తెల్లగా కొన్నవి, వెలక్కాయ పెంకు రంగులో ఉన్నాయి. అత్తగారు వాటిని చేత్తో ముట్టుకుని, "ఇది మన ఊపిరితిత్తుల్లోకి పోవలసింది" అని, ఎందుకో వాటిని చెత్తలో పడేయనివ్వలేదు. రెండు రోజులు వరండాలో ఉంచి, వచ్చినవాళ్లందరికీ చూపించారు. ఆ తర్వాత మళ్లీ వీధి తలుపూ పెరటి కిటికీ బార్లా తీసేవారు. నేనిక మూయలేదు.

మేము విశాఖ వచ్చేసి చాలాకాలమైంది. ఆ చిన్న మీటరు ఇప్పటికీ పనిచేస్తోంది. మన దేశంలో పీఎం 2.5 రోజు సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాముల దాకా ఉండొచ్చని ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన అంకె 15. చలికాలం పొద్దుటిపూట నా బల్ల మీద ఈ రెంటిలో ఏదీ నిలవని రోజులున్నాయి. ఇక్కడ ఎవరూ బడి మూయరు, మాస్కుల కోసం వరసలో నిలబడరు. నేను మాత్రం పిల్లల ఆటకు వేళ మార్చాను. పొద్దున్న కాకుండా సాయంత్రం, ఎండ దిగకముందే.

శ్రోతల్లో పిల్లల దగ్గరికి సింగపూరో మలేషియానో వెళ్లే పెద్దవాళ్లు చాలామంది ఉంటారు. జూన్ నుంచి అక్టోబరు లోపల వెళ్తుంటే, ముఖ్యంగా ఎల్‌నినో అన్న మాట వార్తల్లో వినపడిన ఏడాది, ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఉబ్బసం ఉంటే కోడలికి, కొడుక్కి ముందే చెప్పండి. డాక్టరు రాసిచ్చిన చీటీ జత చేసి ఇన్‌హేలరు చేతిసంచిలో పెట్టుకోండి. సూట్‌కేసులో వద్దు.